తీసేసిన పాత్ర

"మీ ఇంటి మనిషే కదా, టీ సంగతి మీరే చూసేయండి" అన్నారు మా లైబ్రేరియన్. నేనిక్కడ అటెండర్ని, సభ ఎవరిదైనా టీ పెట్టేది నేనే. ఈసారి దానికో కారణం దొరికింది, అంతే. పెద్ద హాలుకి రంగులు వేస్తున్నారని పాఠకుల సభని పిల్లల గదికి మార్చారు. పొట్టి కుర్చీలు గోడవారకి జరిపి, పై అంతస్తు నుంచి పెద్ద కుర్చీలు మోసుకొచ్చి వేశాను. మధ్యలో చిన్న బల్ల మీద మా తోడికోడలి నవల నిలబెట్టాను. నల్ల అట్ట, మీద ఎర్ర తలుపు. నిలబెట్టిన ప్రతిసారీ పడిపోతోంది. చివరికి వెనక ఒక లావుపాటి నిఘంటువు ఆనించాను. దీన్ని నిలబెట్టడం కూడా నా పనే అయిందే అనుకున్నాను.

ఇంట్లో ఆమెని అందరం చిన్నది అంటాం. మా మరిది భార్య. నేను కాపురానికి వచ్చిన కొత్తలో కథలు రాసేదాన్ని. ఒకటో రెండో అచ్చయ్యాయి కూడా. "రాసుకో, ఎవరొద్దన్నారు? పనులయ్యాక రాసుకో" అన్నారు అత్తయ్య. పనులు అవలేదు. చిన్నది వచ్చాక మాత్రం ఇంటి రూలు మారిపోయింది. ఉద్యోగంలో అలిసిపోతోందని మరిది మానిపించాడు. పై గదిలో ఆమె తలుపేసుకుని కూర్చుంటే, "తను రాసుకుంటోంది వదినా, కదపకండి" అని పనికి వెళ్తూ వెళ్తూ చెప్పేవాడు. నేను అన్నం పళ్ళెం మెట్ల మీద పెట్టి వచ్చేదాన్ని. నా అలసట ఈ ఇంట్లో ఎవరి కంటా పడలేదు. ఒకసారి బస్సు చెడిపోయి, చీకటి పడ్డాక చాలాసేపటికి నడుచుకుంటూ ఇంటికొస్తే, మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, "బయటికెళ్ళావా? లోపలే ఉన్నావనుకున్నా" అన్నాడు. చిన్నది వీధి చివరి కొట్టుకి వెళ్ళినా మరిది ఫోను చేస్తాడు. అంతగా కనిపెట్టుకుని ఉండే మనిషి నాకెందుకు లేడా అని కూర తరిగే చోట, బట్టలు ఆరేసే చోట కుళ్ళుకుంటూనే ఉన్నాను.

నవల వచ్చింది. కాలేజీ పిల్ల వెంట ఒకడు నీడలా తిరుగుతాడు. ఆమె ఫోను, ఆమె స్నేహాలు, ఆమె దారులు అన్నీ తన చేతిలోకి తీసుకుంటాడు. చివరికి ఊరవతల ఇంట్లో పెట్టి తాళం వేస్తాడు. ఆఖరి పేజీల్లో తాళం వెయ్యడం మర్చిపోతాడు. తలుపు బార్లా తెరిచి ఉంటుంది. ఆ పిల్ల లేచి వెళ్ళి, తలుపు తనే మూసి, వచ్చి కూర్చుంటుంది. అక్కడితో అయిపోతుంది.

సగంమంది ఆ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకున్నారు, సగంమంది దుమ్మెత్తిపోశారు. ఇంటర్నెట్లో ఆ తిట్లన్నీ నేను పొయ్యి దగ్గర నిలబడి చదివాను. బాగా తిట్టినవాటికి దొంగపేరుతో లైకులు కొట్టాను. అది చాలక, ఇంతమంది చేత తిట్లు తినే యోగమైనా నాకు లేకపోయిందే అని మళ్ళీ కుళ్ళు. మరిది మాత్రం ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. "ఆ హీరో ఎవరనుకున్నారు?" అని స్నేహితుల దగ్గర కాలరెగరేశాడు.

సభకి గదంతా నిండింది. ముందు వరసలో కాలేజీ అమ్మాయిలు. వాళ్ళ వెనక పెద్దవాళ్ళు, కొందరు టీచర్లు. నేను టీ పళ్ళెంతో గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"నాకైతే వాడే కావాలి" అంది ఒక అమ్మాయి. అందరూ నవ్వారు. "నవ్వకండి. ఒక మనిషి కోసం అంతలా పిచ్చెక్కిపోయేవాడు ఈ రోజుల్లో ఉన్నాడా? మెసేజి పెడితే మర్నాటికి జవాబిస్తారు."

"మా క్లాసులో పిల్లలు ఇది చదివి, ఫోన్లు చెక్ చేస్తేనే ప్రేమ అనుకుంటున్నారు" అన్నారు ఒక లెక్కల టీచరమ్మ. "చక్కగా రాశారు, కాదనను. విషాన్ని కూడా చక్కటి గ్లాసులో పోసివ్వచ్చు."

"ఇష్టమున్నవాళ్ళు చదువుతారండీ, మీకెందుకు?" అంది ఇంకో పిల్ల.

సరిగ్గా అప్పుడే చిన్నదాని ఫోను మోగింది. క్షమించమని లేచి, వీడియో ఆన్ చేసి, ఫోనుని నెమ్మదిగా గదంతా తిప్పింది. పుస్తకాల బీరువాలు, ముందు వరస, వెనక వరస, గుమ్మం, నేను. "అక్క కూడా ఉంది, చూశారా" అంది. ఫోనులోంచి మరిది గొంతు, "ఆ మూల కూర్చున్నతను ఎవరు?" అంది.

"హీరోగారు ఇంట్లోనే ఉన్నారన్నమాట" అన్నారెవరో. గది గొల్లుమంది. చిన్నది కూడా నవ్వింది. ఫోను పట్టుకున్న ఆమె బొటనవేలు గోరు తెల్లగా పాలిపోయి ఉంది. ఆ నవలని నేను లోపాల కోసమే మళ్ళీ మళ్ళీ చదివాను. అన్నిసార్లు చదివీ అప్పటిదాకా నాకది ఊహించి రాసిందనే అనిపించింది.

ఫోను పెట్టేశాక టీచరమ్మ సూటిగా అడిగారు. "తలుపు తెరిచి ఉంది కదా. మరి ఆ పిల్ల ఎందుకు వెళ్ళలేదు? అది ఒక్కటి చెప్పండి."

"వెళ్ళాలంటే ఎక్కడికో ఒకచోటికి వెళ్ళాలి కదండీ" అంది చిన్నది. "ఆ చోటు నాకు దొరకలేదు. చాలా వెతికాను."

"రాసేది మీరే. కల్పించచ్చుగా?"

"కల్పించినట్టు తెలిసిపోతోందండీ. కొట్టేశాను."

అందరూ వెళ్ళాక నేను కప్పులు కడుగుతుంటే చిన్నది తుడిచి బోర్లిస్తోంది. కిటికీ బయట ఇంకా ఎండ ఉంది. ఏం అడగాలో తెలీక నవల గురించే అడిగాను.

"ఆ పిల్లకి ఇంట్లో ఎవరూ లేరా? అక్కో, వదినో?"

ఆమె చేతిలో గుడ్డ ఆగింది. "ఉండేది అక్కా. మొదట రాసినప్పుడు ఒక పెద్దావిడ ఉండేది. తర్వాత తీసేశాను."

"ఎందుకు?"

"ఆవిడకి ఈ పిల్లంటే కుళ్ళు. ఈ పిల్లది అదృష్టం అనుకునేది. చెప్పినా నమ్మదనిపించింది. అందుకే ఎంత రాసినా ఆవిడ పాత్ర ముందుకి నడవలేదు."

కొళాయి కట్టేశాను. నా మొహం ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. కోపం కూడా వచ్చింది, నిజం చెప్పాలంటే. నన్నంత బాగా చదివేసి, నోరు మెదపకుండా మెట్ల మీద నేను పెట్టిన అన్నం తిన్నందుకు.

"నా స్నేహితురాలు లేడీస్ హాస్టలు నడుపుతుంది" అన్నాను. "వస్తావా?"

"ఆయన వస్తాడు అక్కా."

"రానీ. నేనూ అక్కడే ఉంటాను."

చిన్నది గుడ్డ మడిచి పక్కన పెట్టింది. తర్వాత ఫోను స్విచ్చాఫ్ చేసింది. ఎప్పుడూ చెయ్యని పని కాబోలు, ఏ బటన్ ఎంతసేపు నొక్కాలో వెతుక్కుంది. మా ఆయనకి నేను ఫోను చేసి రావడం లేదని చెప్పాను. "మరి రాత్రికి తినడానికి?" అన్నాడు. ఎక్కడికని అడగలేదు.

మా ఇంటికి వెళ్ళే బస్సు వచ్చి పోయింది. ఎక్కలేదు. అవతలి వైపుకి దాటి, హాస్టలు వైపు వెళ్ళేది ఎక్కాం. కాస్త దూరం పోయేసరికి చిన్నది నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఎన్నాళ్ళ నిద్రో. నాలో కుళ్ళు పోయిందని మాత్రం చెప్పను. ఆమె తల కదలకుండా భుజం బిగబట్టి కూర్చున్నప్పుడు కూడా అనుకున్నాను, నన్నిలా బస్సెక్కించి తీసుకెళ్ళే అక్క ఎవరూ నాకు లేకపోయారే అని.