బుట్టలో మోగిన ఫోను

ఆరేళ్లుగా ఎంజైములతో కుస్తీ పడుతున్న మమ్మల్ని ఉద్యోగాలకు తయారుచేయడానికి మా విభాగం ఒక శిక్షకుణ్ణి పిలిపించింది. ఆయన జన్మలో పరీక్షనాళిక పట్టుకున్న పాపాన పోలేదు. ఈ తరగతికి హాజరు లేకపోతే థీసిస్ పుచ్చుకునేది లేదని ఆఫీసువాళ్లు బెదిరించారు కాబట్టి, పన్నెండుమందిమీ బుద్ధిగా వెళ్లి కూర్చున్నాం.

ఆయన ముందుగా మా ఫోన్లన్నీ ఒక ప్లాస్టిక్ బుట్టలో వేయించి, బల్ల మీద పెట్టుకున్నారు. తర్వాత నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి, ఉత్తుత్తి ఇంటర్వ్యూ మొదలుపెట్టారు.

"నిన్నే ఎందుకు తీసుకోవాలమ్మా?"

నేను నోరు తెరిచేలోగా బుట్టలో నా ఫోను మోగింది.

"సార్, పొద్దున్నే చెప్పాను కదండీ, మందుల కంపెనీవాళ్లు ఇంటర్వ్యూకి ఫోన్ చేస్తారని. వాళ్లే అయ్యుంటారు. ఒక్క పది నిమిషాలు..."

"అదిగో, అదే వద్దనేది! ఇంటర్వ్యూలో కూర్చుని ఫోన్ వంక చూస్తారా ఎవరైనా? ముందు దీని సంగతి చూడు."

వెనక వరుసలో మా గైడుగారు కిటికీ అవతల ఏదో వింత జరుగుతున్నట్టు చూస్తూ కూర్చున్నారు. బుట్ట చేతికందే దూరంలోనే ఉంది. హాజరు పోతుందని నేను చెయ్యి చాపలేదు. ఫోను మూడుసార్లు మోగి ఊరుకుంది. నేను నవ్వుముఖం పెట్టుకుని నా బలాలూ బలహీనతలూ ఆయనకు అప్పజెప్పాను.

సాయంత్రం అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. నా దాని వెనక ఆయన గుండ్రటి అక్షరాలతో స్వయంగా రాశారు: "మాట బాగుంది. కానీ వచ్చిన అవకాశాన్ని అందిపుచ్చుకునే చొరవ లేదు."