అరవై ఎనిమిదో పేరు

ఈ పనిలోకి దిగినప్పుడు జొలీన్ చేతిలో ఉన్నవి ఓ పాత కంప్యూటరు, పిల్లలు నిద్రపోయే మధ్యాహ్నాలు. కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంటుకి కమిటీ ఏ అరవై ఎనిమిది జట్లను పిలుస్తుందో ముందే చెప్పడం ఆమె పని. బట్టలు మడతపెడుతూ చూసిన ఆటలన్నీ అందులో పెట్టుబడే. "మా కోడలు బంతులు లెక్కపెడుతుంది" అంటూ అత్తగారు ఆర్డిస్ చర్చిలో అందరినీ నవ్వించేది. ఇండియానాలో ఓ పత్రిక ఆమె పేరుతో జాబితా వేస్తున్నా ఆ నవ్వు ఆగలేదు. ఈసారి అన్ని పేర్లూ కుదిరితే ఆటల మీద విశ్లేషణ చెప్పే కుర్చీ ఇస్తామని టీవీవాళ్ళు అన్నారు.

ఆ ఆదివారం పత్రికకు జాబితా పంపేసి, హార్లన్ కాలేజీ ఆటగాళ్ళ విందుకు మాంసం, బీన్స్ వేసి పెద్ద గిన్నెలో కూర వండింది. ఆ జట్టుకు భర్త వెండెల్ సహాయ కోచ్. వారమంతా అతనిది ఒకటే పోరు.

"మా జట్టుని పెట్టవే. సొంత పెళ్ళామే నమ్మలేదంటే నా పరువేం కాను?"

"బయటి ఊళ్ళలో ఆడినవన్నీ ఓడారు. ఎలా పెట్టను?"

పెట్టలేదు.

సాయంత్రం కమిటీ ప్రకటన చూడ్డానికి కాలేజీ హాల్లో అందరూ టీవీ ముందు చేరారు. ఆఖర్లో హార్లన్ పేరు వినబడగానే హాలంతా ఎగిరి గంతేసింది. కుర్చీ పోయిందని తెలిసినా జొలీన్ కూడా నవ్వుతూనే కూర వడ్డించింది. అంతలో పత్రిక ఎడిటర్ బ్రూస్ ఫోన్ చేశాడు.

"అరవై ఎనిమిదికి అరవై ఎనిమిది, తల్లీ! దేశంలో ఇంకెవరికీ పడలేదు. ఆ చివరి మార్పే నిన్ను నిలబెట్టింది."

"ఏ మార్పు?"

"మధ్యాహ్నం వెండెల్ ఫోన్ చేసి చెప్పాడుగా! నువ్వు వంటలో ఉన్నావట, హార్లన్‌ని చేర్చమన్నావట."

గరిటెలోంచి కూర చొక్కా మీదకు కారుతున్నా ఆమెకు తెలియలేదు. పిల్లలకు జ్వరాలొస్తే ఆటలు చూడడం మానుకుంది. తన సంపాదనతో ఇంటికి కొత్త కప్పు వేయిస్తే, "నేను వేయించాను" అని అతను చెప్పుకున్నా ఊరుకుంది. అవి తను తెలిసి వదులుకున్నవి. ఈసారి ఆమె నోటి మాటనే, ఆమె వంటింట్లో ఉందన్న సాకుతో, అతను మార్చేశాడు.

"నీకు మంచే జరిగిందిగా! నోరు మూసుకుని కుర్చీ ఎక్కు," అన్నాడు వెండెల్ పక్కకు వచ్చి గుసగుసగా.

"మొగుడు చెయ్యి వేస్తేగానీ నెగ్గలేకపోయావు చూడు," అంది కొడుకు వెనకే వచ్చిన ఆర్డిస్.

ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. "బ్రూస్, రేపటి పత్రికలో నేను పంపిన జాబితానే వెయ్యి. హార్లన్ పేరు నేను చెప్పలేదని కూడా రాయి."

"పిచ్చా నీకు? ఎవరడుగుతారు? కుర్చీ పోతుంది!"

"పోనీ."

కుర్చీ పోయింది. అరవై ఏడు పేర్లు మిగిలాయి, ప్రతి ఒక్కటీ ఆమెదే.