బోరు నీళ్ళు

"ఏటే కల్యాణీ ఇది, పప్పా, గులకరాళ్ళా?" జోగమ్మ కంచం పక్కకి నెట్టింది. "గోల్‌మురి క్వార్టర్లో నాను వండితే ఎన్నలాగుండేది."

"కుక్కర్‌కి అన్ని విజిల్స్ పెట్టాను కదత్తయ్యా."

"ఎన్నెడితే ఏటి, నీ సెయ్యే అంత."

భర్త హరిప్రసాద్ ఫోన్లోంచి తలెత్తకుండానే నవ్వాడు. "పప్పే ఉడకబెట్టలేవు, ల్యాబ్‌లో ఏటి సేత్తావు?"

సరదాకే అన్నాడు. సరదాకి అన్న మాటలే ఆమె దగ్గర ఎక్కువ పోగుపడ్డాయి. కూతురు సోనీ చదివే స్కూల్లో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంట్ కావాలట. కల్యాణి బీఎస్సీ కెమిస్ట్రీ. శనివారం వచ్చి పని చూసి, చేరేదీ లేనిదీ చెప్పమంది అక్కడి కెమిస్ట్రీ టీచర్ తనుశ్రీ మేడమ్. చేరాలనే ఉంది. కానీ మామగారు రిటైరై, కంపెనీ ఇచ్చిన గోల్‌మురి క్వార్టర్ ఖాళీ చేసి, స్టేషన్ అవతల బోరు వేయించుకున్న ఈ సొంతింటికి వచ్చిన ఏడాదే ఆమె కోడలిగా అడుగుపెట్టింది. ఆనాటి నుంచీ పప్పు బద్దలుగానే మిగిలేది. అందరూ చేతినే అనేవారు. వినీ వినీ ఆ చేతి మీద తనకే నమ్మకం పోయింది. గాజు బీకరు పట్టుకుంటే జారిపోతుందేమోనని భయం.

శనివారం పిల్లలంతా తమ ఇళ్ళలో తాగే నీళ్ళు సీసాల్లో తెచ్చారు. టెస్ట్‌ట్యూబుల్లో పోసి, సబ్బు నీళ్ళు నాలుగు చుక్కలు వేసి ఊపాలి. కంపెనీ కుళాయి నీళ్ళు తెచ్చిన క్వార్టర్ల పిల్లల ట్యూబుల్లో నురగ బుసబుసా పొంగింది. సోనీ ట్యూబులో మాత్రం ఎంత ఊపినా విరిగిన పాలలాంటి తెట్టే.

"మమ్మీ, ఝాగ్ హీ నహీ బన్ రహా!" నురగ రాలేదని సోనీ గోల.

"బోరు నీళ్ళు కదే, సున్నం ఎక్కువ. ఈ నీళ్ళలో సబ్బు నురగ రాదు, పప్పు కూడా..." కల్యాణి ఆగిపోయింది.

పప్పు కూడా ఉడకదు. కఠిన జలం గురించి డిగ్రీ పరీక్షల్లో పేజీలకు పేజీలు రాసిన మనిషి. ఆ నీళ్ళనే రోజూ కుక్కర్లో పోస్తూ, తప్పు తన చేతిదేననుకుంది. ఒక్కనాడైనా నీళ్ళని అనుమానించలేదే! నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత మిగిలిన నీళ్ళు మరగబెట్టి, అడుగుకి దిగిన తెల్లపొడిని వడపోత కాగితంలో పట్టి, మళ్ళీ సబ్బు చుక్కలు వేసింది. నురగ ట్యూబు మూతిదాకా వచ్చింది. ఏదీ చేజారలేదు.

రాత్రి భోజనాల దగ్గర సోనీ ఆగలేక, తప్పంతా నీళ్ళదేనని చెప్పేసింది.

జోగమ్మ ముద్ద కలపడం ఆపింది. "అంటే గోల్‌మురిలో నా పప్పు గొప్పంతా కుళాయిదేనంటావేటే?"

ముసలామె ముఖం చిన్నబోయింది. మరో రోజైతే కల్యాణి "అదేం లేదత్తయ్యా" అని సర్దిచెప్పేది. ఇవాళ సర్దిచెప్పకుండా గ్లాసుల్లో నీళ్ళు పోసింది.

"చలో, అచ్ఛా హువా," మంచిదేనన్నాడు హరిప్రసాద్. "రేపట్నించి పొద్దున్నే లేచి రెండు బిందెలు మరగబెట్టి, వడకట్టి వండెయ్. గొడవ తీరిపోద్ది."

రోజూ అందరూ తిన్నాకే తినే కల్యాణి తన కంచం కూడా తెచ్చుకుని వాళ్ళ పక్కనే కూర్చుంది. అన్నం పెట్టుకుంది.

"సోమవారం నుంచి ల్యాబ్‌లో చేరుతున్నానండి. నీళ్ళు మరగబెట్టడం మీరు చూసుకోండి."