ఎర్ర టోపీ

నా పేరు ఝాన్సీ. మాది చందూర్. నిజామాబాద్‌లో ఓ కంపెనీలో కొత్తగా చేరిన సాఫ్ట్‌వేర్ వాళ్లకు శిక్షణ ఇచ్చే విభాగం నా చేతిలో ఉంటుంది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, దాచుకోను.

నా క్లాసులో ఒక ఆట ఉంది. సర్వర్ పడిపోయిందని అనుకోవాలి. ఎవరో ఒకరు ఎర్ర టోపీ పెట్టుకుంటారు. ఇక వాళ్లు చెప్పిందే మాట. మిగతావాళ్లు, నేనైనా సరే, కిక్కురుమనకుండా చేయాలి. తలా ఒక వైపు అరిస్తే ఏ సర్వరూ లేవదు.

ఆ టోపీ పెడితే దీవెనకు గొంతు పెగలదు. నా క్లాసులో బోధన్ నుంచి వచ్చిన పిల్ల. చర్చిలో పాట అందుకుంటే మైకు అక్కర్లేదని వాళ్లమ్మ శారమ్మ గొప్పగా చెబుతుంది. నా దగ్గర మాత్రం "మేడం, అదీ..." అని నసుగుతుంది. శుక్రవారం ఆఖరి పరీక్ష కూడా ఈ ఆటే, అందులో టోపీ పెట్టుకుని ఆర్డర్లు వేయలేకపోతే ఇంటికి పంపేస్తానని మొహం మీదే చెప్పాను.

అంతకుముందు వారం అదే క్లాసులోని రంజిత్‌ను పంపేశాను. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో వాడు పెదాలు కదిపితే, జవాబులు వాడి స్నేహితుడు చెప్పాడట. అలాంటివాణ్ణి ఉంచుకుంటానా?

బుధవారం మధ్యాహ్నం వాడు క్లాసు తలుపు తన్ని లోపలికొచ్చాడు. చేతిలో చెరుకు కొట్టే కత్తి.

"నా బతుకు ఆగం జేసినవ్!"

చెయ్యి అడ్డం పెట్టాను. కత్తి మోచేతి కింద దిగింది. రక్తం బోర్డు మీద చిమ్మింది. రెండో వేటు మెడ మీదికి వస్తుంటే, క్లాసులోని విష్ణు వెనక నుంచి కుర్చీతో వాడి వీపు మీద మోదాడు. కత్తి ఎగిరిపడింది, వాడు బోర్లా పడ్డాడు. అంతే, క్లాసంతా మీద పడింది. కాళ్లతో, కుర్చీలతో, చేతికందిన కీబోర్డులతో కుమ్మేశారు. వాడి పళ్లు ఊడి నేల మీద పడ్డాయి.

నేను గోడకు జారగిలబడి అరుస్తున్నాను. "కొట్టండి! చంపేయండి వెధవని!"

నిజంగానే వాడు చావాలని కోరుకున్నాను.

"ఆపుండ్రి!"

ఆ గొంతు ఎవరిదో ముందు నాకు తెలియలేదు. దీవెన బల్ల ఎక్కి నిలబడింది. తల మీద ఎర్ర టోపీ.

"విష్ణన్నా, కుర్చీ కింద పెట్టు! ఇంకో దెబ్బ పడితే సస్తడు. రామ్‌దాసన్నా, కత్తి బయటికి తీస్కపో. సుచిత్రక్కా, అంబులెన్స్‌కు ఫోన్ జెయ్, ఇద్దరికని చెప్పు!"

కుర్చీలు ఆగాయి. దీవెన కిందికి దూకి తన చున్నీతో నా చేతిని బిగించి కట్టింది.

"వాడికెందుకే అంబులెన్స్? చావనీ!" అన్నాను.

"మేడం, నోరు మూస్కోండ్రి. టోపీ నా నెత్తి మీదుంది."

నోరు మూసుకున్నాను. ఆమె రంజిత్ దగ్గరికి వెళ్లి, రక్తం గొంతులోకి పోకుండా వాణ్ణి పక్కకు తిప్పి పట్టుకుంది.

వాడు బతికాడు, విరిగిన దవడతో జైలుకు పోయాడు. వాడి మీద నాకు ఇప్పటికీ జాలి లేదు. కానీ ఆరోజు నా మాటే చెల్లి ఉంటే నా పిల్లలంతా హంతకులయ్యేవాళ్లు.

పరీక్ష మరుసటి వారం పెట్టాను. దీవెన వంతు వచ్చింది.

"మేడం... టోపీ?" గొంతు మళ్లీ సన్నగా వచ్చింది.

"అక్కర్లేదు, కూర్చో," అన్నాను. కుడిచేతికి కట్టు ఉంది. ఎడం చేత్తోనే, వంకరటింకరగా, ఆమె పేరు ఎదురుగా 'పాస్' అని రాశాను.