పదకొండు నిమిషాల ట్రిప్పు

మా గనిలో బొగ్గు అయిపోయింది. మిగిలింది ఊరంత గొయ్యి, దాని పక్కన తవ్విపోసిన మట్టిగుట్ట. ఆ చోటును మళ్ళీ నేలలా చేయడానికి ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టడం నా ఉద్యోగం.

దారులు రెండే. గుట్టను తిరిగి గోతిలో పోసి, చదును చేసి, పైన పచ్చిక వేయడం ఒకటి. గోతి అంచులను వాలుగా కొట్టి, నీళ్ళు నిండనిచ్చి, చెరువుగా వదిలేయడం రెండోది. ఏది చవకైతే పైవాళ్ళు దానికే తలూపుతారు. మామూలుగా చెరువే గెలుస్తుంది. కానీ మా గోతి అంచులు నిట్టనిలువు రాయి. వాటిని వాలుగా చేయాలంటే తలప్రాణం తోకకొస్తుంది. అందుకే ఈసారి రెండు ఖర్చులూ పక్కపక్కనే నిలబడ్డాయి.

నాకు మాత్రం గొయ్యి పూడాలి. పచ్చిక మీద ప్రేమతో కాదు. మా ఆయన మట్టి మోసే డంపర్ లారీ డ్రైవరు. ఈ గనిలోనే తోలేవాడు. తవ్వకం ఆగగానే రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ పట్టే మరో గనికి పంపేశారు. నేను వెంట వెళ్దామంటే అక్కడ నాకు పని లేదు, క్వార్టర్లలో గదికి నలుగురు. ఇక్కడ పూడ్చే పని మొదలైతే ఏ కాంట్రాక్టరైనా ఈ దారి తెలిసిన డ్రైవర్లనే ముందు పిలుస్తాడు. అప్పుడు అతను ఇంటికొస్తాడు. రోజూ సాయంత్రం బూట్లు గుమ్మానికి అడ్డంగా విప్పి నాచేత తిట్లు తింటాడు. ఆ తిట్లన్నీ నా నోట్లోనే ఉండి ఉండి పులిసిపోతున్నాయి.

"గుట్ట దగ్గర నింపుకుని, గోతి అడుగున పోసి రావడానికి నీకెంతసేపు పడుతుంది?" అని ఫోన్లో అడిగాను.

"పదకొండు నిమిషాలు," అన్నాడు తడుముకోకుండా.

"గొప్పలు పోకు."

"గొప్పేంటే! రెండో మలుపులో అందరూ బ్రేకు తొక్కుతారు. నేను గేరు మార్చి వదిలేస్తా. కళ్ళు మూసుకుని తోలమన్నా తోలతా. ఎందుకిప్పుడు?"

"ఊరికే."

నేను ఊరికే ఏదీ అడగనని అతనికి తెలుసు. "పూడుస్తారంటావా?" అన్నాడు. ఆ గొంతులో ఆశ వినగానే నా ప్రాణం లాగేసింది.

మట్టి మోయించే ఖర్చంతా ట్రిప్పుకు పట్టే సమయం మీదే నడుస్తుంది. ఆఫీసు పట్టికలో అలాంటి దారికి పదహారు నిమిషాలని ఉంది. నేను పదకొండు వేశాను. పట్టిక ఎవరో ఎక్కడో కూర్చుని రాసింది, ఇది ఇదే దారిలో తోలిన మనిషి చెప్పింది, ఏది నిజం? అని నాతో నేనే వాదించుకుని నేనే గెలిచాను. పూడ్చడమే చవకని తేలింది. ఆ సాయంత్రం బజారుకెళ్ళి గుమ్మంలోకి కొత్త డోర్‌మ్యాట్ కొన్నాను.

మా పెద్దసారు ఎస్టిమేట్ చూసేటప్పుడు కళ్ళద్దాలు నుదుటి మీదకు తోసి, కాగితాన్ని ముక్కుకు ఆనిస్తారు. ఆ అంకె దగ్గరే ఆగారు.

"ఈ పదకొండు ఎక్కడిదమ్మా?"

"ఇక్కడ తోలిన డ్రైవరు చెప్పాడు సార్."

"మీ ఆయనేగా?"

నేను బల్ల అంచు చూస్తూ తలూపాను.

"అతను తోలడం నేనూ చూశాను. పదకొండే, అబద్ధం లేదు. కానీ రేపు కంపెనీ చేతులెత్తేస్తే, ఎవరో కొత్తవాళ్ళొచ్చి పని పూర్తి చేయడానికి కట్టే లెక్క ఇది. ఆ కొత్తవాడికి రెండో మలుపు తెలీదు. వాడు కూడా పదకొండులో రావాలని చూస్తే బండి ఎక్కడుంటుంది?"

"గోతిలో," అన్నాను.

"మార్చు తల్లీ."

ఒళ్ళు మండింది. అంత మెత్తగా చెప్పినందుకు మరీ మండింది. కేకలేసి ఉంటే ఎదురు తిరిగేదాన్ని. సీటుకొచ్చి కూర్చున్నాక, ఆ కొత్తవాడి కోసం కూడా ఇంట్లో ఎవరో ఎదురుచూస్తుంటారు కదా అనిపించింది. అనిపించాక ఇక చేసేదేముంది? పదహారు వేశాను. చెరువు గెలిచింది, కాస్త తేడాతోనే.

ఇంటికొచ్చి ఫోన్ చేశాను.

"చెరువే," అన్నాను. "నీ పదకొండు నేనే తీసేశాను."

అతని వెనక ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

"ఎంత వేశావ్?"

"పదహారు."

"పదహారా! ఎద్దుబండనుకున్నారా దాన్ని?"

నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చింది, దాచుకోలేదు. "నువ్వొచ్చేయాలని ఉంది," అన్నాను. "ఇల్లంతా ఎక్కడిదక్కడే ఉంటోంది. చూడలేకపోతున్నా."

"నాకూ రావాలనే ఉంది," అన్నాడు. "కానీ ఆ మలుపులో కొత్తవాడు నిజంగానే పడిపోతాడు. నువ్వు చేసింది సరైన పనే." మాట మార్చాడు. "ఇక్కడ చలి మొదలైంది. ఎలాగూ వచ్చేస్తాను కదా అని నా ఉన్నికోటు అక్కడే వదిలేశా. పార్సెల్ చేసెయ్."

ఫోను చెవికి ఆనించుకునే వెళ్ళి బీరువా తీశాను. కోటు హ్యాంగరుకు వేలాడుతోంది. మోచేతుల దగ్గర అతను వంచినట్టే వంగి ఉంది.

"పంపను," అన్నాను. "చలేస్తే వచ్చి తీసుకెళ్ళు."