గీత దాటి వెనక్కి వచ్చిన మా ఆయన

పెళ్లయిన నలభై మూడో రోజున మా ఆయన్ని అవుటిచ్చాను.

మదనపల్లె కాలేజీలో నాకు సాఫ్ట్‌బాల్ నేర్పిన ప్రసాదరావు సార్ ఆ ఆదివారం ఒక పరీక్ష పెట్టారు. పుంగనూరు అంగళ్లవాళ్లకూ చౌడేపల్లె పాలవాళ్లకూ జరిగే మ్యాచ్‌ని పక్షపాతం లేకుండా నడిపిస్తే, కుప్పంలో ఆడపిల్లల పోటీలకు అంపైరుగా పిలుస్తానన్నారు. ఆ సంతోషంలో రెండు పూటలు చపాతీలు మాడ్చాను. మాడినవే రుచి అంటూ మా ఆయన మనోజ్ తిన్నాడు. చిక్కల్లా, మనోజ్ పుంగనూరు జట్టులో ఉండటమే.

ఆటకు ముందు అందరికీ రూల్సు చెప్పాను. మూడో బేసుకూ, తొక్కితే పరుగొచ్చే హోమ్‌కూ మధ్య సున్నంతో అడ్డగీత గీయించాను. పరిగెత్తేవాడు అది దాటాడంటే ఇక ముందుకే పోవాలి. గీత దాటి వెనక్కి వస్తే అవుట్. అటూ ఇటూ ఊగిసలాడబోయి కిందటేడు చెంగయ్య క్యాచరును గుద్ది ముందుపన్ను పోగొట్టుకున్నాడు. అందరూ తలలూపారు. మనోజ్ అందరికన్నా గట్టిగా ఊపాడు.

చివరి ఇన్నింగ్స్. పుంగనూరు ఒక్క పరుగు వెనక ఉంది, అప్పటికే ఇద్దరు అవుట్, మూడో అవుటుతో ఆట ముగుస్తుంది. మూడో బేసులో మనోజ్. బంతి వెళ్లి కంపచెట్లలో పడింది. మనోజ్ పరుగందుకున్నాడు. పరిగెత్తితే అతని జుట్టు భలే ఎగురుతుంది. అంపైరు చూడాల్సింది కాళ్లను అని నాకు నేనే చెప్పుకున్నాను.

గీత పక్కనే కుర్చీ వేసుకుని, చేతులూపుతూ అతన్ని తోలుతున్నాడు వాళ్ల పెదనాయన రామప్ప. గీత దాటుతుంటే మనోజ్ కాలు ఆయన పాదానికి తగిలింది. నాలుగడుగులు ముందుకు పోయిన మనోజ్ ఆగి, వెనక్కి తిరిగి, గీత దాటి వచ్చి, ఆ పాదం తాకి కళ్లకద్దుకున్నాడు. పెదనాయన అతని తలమీద చెయ్యి పెట్టి దీవించాడు కూడా. అప్పుడు తీరిగ్గా పోయి హోమ్ తొక్కాడు.

చౌడేపల్లెవాళ్లూ, సారూ, అందరూ కంపచెట్లవైపే చూస్తున్నారు. చూసింది నేనొక్కదాన్నే. అవుటని చెయ్యి పైకెత్తాను.

పుంగనూరు జట్టంతా నామీదికొచ్చింది. వెనక్కి రానేలేదని వాదించారు. రామప్ప పెదనాయన కుర్చీలోంచి లేచాడు.

“యాల రాలేదప్పా? వచ్చినాడు. వచ్చి నా కాళ్లు తాకినాడు. అట్లాంటోణ్ణి అవుటంటావా తల్లీ?”

పుంగనూరువాళ్లు బ్యాట్లు సర్దుకోవడం మొదలుపెట్టారు. చౌడేపల్లెవాళ్లు మాత్రం ఆయన్ని భుజాలమీద ఎత్తుకున్నారు.

కుప్పం బస్సు శనివారం ఆరింటికని సార్ చెప్పారు. గీత పక్కన కుర్చీ వెయ్యనిచ్చినందుకు చివాట్లూ పెట్టారు.

ఇంటికి పోతూ పెట్రోలు బంకు దగ్గర స్కూటరు ఆపి మనోజ్ నావైపు తిరిగాడు.

“కుప్పానికి నేనూ వస్తాండా,” అన్నాడు. “ఆడికొచ్చే పెద్దోళ్లనంతా దూరంగా కూసోబెట్టే పని నాది.”