మలుపు దగ్గర రాయి

బండి ఇంటికొచ్చిన రోజు నర్సమ్మ మొగుడు గుమ్మంలో నిలబడి దాన్ని ఒకసారి, పెళ్ళాన్ని ఒకసారి ఎగాదిగా చూశాడు.

"నిచ్చెన వాళ్ళే ఇచ్చారా, అది మనం విడిగా కొనుక్కోవాలా?" అన్నాడు.

అనాల్సిన మాటే. సీటు నర్సమ్మ నడుము దాటి పైకి ఉంది. తారురోడ్డు మీదా నడుస్తుంది, రోడ్డన్నదే లేని చోటా నడుస్తుంది అని పేరుపడ్డ రకం మోటారుసైకిలు అది. అలాంటివాటిని చేసేవాళ్ళు పొడుగుకాళ్ళవాళ్ళనే మనసులో పెట్టుకుని చేస్తారు, పొట్టివాళ్ళకి కొండలతో పనేముందన్నట్టు. దీని పాత యజమాని గుట్టలమ్మట కొలతలు తీసే సర్వేయరు, తాటిచెట్టంత మనిషట. దాన్ని పిండాల్సినంతా పిండాడు. హ్యాండిల్ ఓ పక్కకి వంగింది. సీటు చిరిగినచోట నల్ల టేపు అంటించాడు. మీట నొక్కితే స్టార్టయ్యే భాగ్యం ఎప్పుడో పోయింది. ఇక కిక్కు కొట్టి లేపాలి, అదీ దానికి బుద్ధి పుడితే. అప్పుడు దాన్ని మెకానిక్కు దగ్గర వదిలేసి ఆ పొడుగాయన తన దారిన తాను పోయాడు.

మొగుడు దానికి ఒంటె అని పేరు పెట్టాడు. ఆయన రొట్టెల బట్టీలో పనిచేస్తాడు. తెల్లారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొస్తాడు. పిండి బస్తా భుజాన వేసుకుని మేడ మెట్లెక్కగలడు గానీ, సైకిలు తొక్కడం మాత్రం ఈ జన్మలో రాలేదు. తనకు చేతకానిదాన్ని వెక్కిరించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

ఇంత మనిషి అంత ఒంటెను ఎందుకు కొనుక్కుందంటే, చెల్లెలి కోసం.

చెల్లెలిని రాళ్ళ క్వారీ దాటాక కొండ పైనున్న ఇళ్ళల్లో ఇచ్చారు. మొదటి కడుపు మూడో నెలలోనే పోయింది. రెండోసారి నెలలు నిండాక, నొప్పులొస్తుంటే ట్రాక్టరు తొట్టిలో పడుకోబెట్టి కిందికి దించారు. ఆ రాళ్ళ దారిలో, ఆ కుదుపుల్లో, సగం దూరం రాకుండానే అంతా అయిపోయింది. ఆ తర్వాత పడ్డ వానలకు ఉన్న కాస్త దారీ కొట్టుకుపోయింది. జీపు డ్రైవర్లు దండం పెట్టి మానేశారు. ఇప్పుడు మూడోసారి.

"నేను దిగనక్కా," అంది చెల్లెలు. అక్క పనిచేసే ఆసుపత్రిలోనే కనమని డాక్టరమ్మ చెప్పిందన్నా, ముందే కిందికొచ్చి ఇంట్లో ఉండమని బతిమాలినా గోడవైపు తిరిగి పడుకుంది. "ఆ దారి నా బిడ్డను ఒకసారి తినేసింది. మళ్ళీ దాని నోట్లో పెట్టను. నువ్వే ఎక్కి రా. ఎంతమందికి పురుడు పోశావు, నాకు పోయలేవా?"

"వస్తాను. ఏమైనా సరే వస్తాను," అని నర్సమ్మ మాటిచ్చింది. నడిచి ఎక్కాలంటే పూట పడుతుంది. నొప్పులు పూట ఆగవు. అందుకని ఒంటె.

మొదటి రోజులు చెప్పుకోకపోవడమే మంచిది. ఆటస్థలంలో మొగుడు వెనక సీటు పట్టుకుని రొప్పుతూ పరుగెత్తేవాడు. బండి కదిలినంతసేపూ బాగానే ఉండేది, ఆగితేనే గండం. కాలు చాపితే నేల అందేది కాదు. కొట్టేసిన చెట్టులా ఆడమనిషీ బండీ కలిసి ఒరిగిపోయేవారు. మోచేతులు కొట్టుకుపోయాయి, మోకాలి చిప్ప నీలం తేలింది. ఆసుపత్రిలో తన కట్లు తానే కట్టుకుంది. ఒకరోజు స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కరువుతీరా ఏడ్చింది కూడా. బండి చేతకాక కాదు, ఇచ్చిన మాట నిలబెట్టుకోలేనేమోనని.

సీటు కాస్త దించమని మెకానిక్కుని అడిగింది.

"దించుతానమ్మా, దానికేం భాగ్యం. కానీ అప్పుడు ఇంజను పొట్ట రాళ్ళకి గీసుకుంటుంది. మీరు పోయే దారికి ఎత్తే దీని బలం," అన్నాడు అతను, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ. "మీ కాలికి నేల అందకపోతే, అందే చోటే ఆగండి."

ఆ మాట పట్టుకుంది. అప్పట్నుంచీ ఊరంతా ఆమెకు ఇంకోలా కనపడసాగింది. ఆసుపత్రి గేటు పక్క అరుగు, అక్కడ కాలు అందుతుంది. సంత మూల గుంట, అందదు. కల్వర్టు గోడ, క్వారీ ముందు పడేసిన దిమ్మ, అందుతాయి. పొట్టివాళ్ళు లోకాన్ని ఎలా ఈదుకొస్తారో పొడుగువాళ్ళకేం తెలుసు!

కొండ మీద మాత్రం అందే చోటు ఒక్కటే. పైకి వెళ్ళేటప్పుడు ఇళ్ళు చేరే ముందు నిటారుగా ఒక మలుపుంది. అక్కడిదాకా ఎక్కి ఎక్కి వేడెక్కిన బండి, గేరు తగ్గించగానే దగ్గి ఆగిపోయేది. ఎన్నిసార్లు వెళ్ళినా అంతే, దాని మొండితనం దానిది. అయితే సరిగ్గా అక్కడే, ఎడమవైపు దారి అంచున, పీటలాంటి రాయి ఒకటి ఉండేది. చూడకుండానే ఎడమకాలు దానిమీద మోపేది నర్సమ్మ. ఒక్క నిమిషం ఊపిరి తీసుకుని, హారన్ గట్టిగా మోగించి, కిక్కు కొట్టేది. పైన చెల్లెలు హారన్ వినగానే టీ పెట్టేది. ఈమె వెళ్ళి దిగేసరికి గ్లాసులో పోస్తూ ఉండేది.

"మలుపు దగ్గర నీ బండి ఆగడం, మళ్ళీ లేవడం, అంతా నాకిక్కడ వినపడుతుందక్కా. లోపల వీడు కూడా వింటాడు. కదులుతాడు," అని పొట్ట మీద చెయ్యి వేసుకుని నవ్వేది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

ఈ సంగతులేవీ మొగుడికి చెప్పలేదు. నిచ్చెన మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది మరి.

"అంత నిటారు మలుపులో బండి ఆగిపోతే ఏం చేస్తావే?" అని ఆయన ఒకరోజు నిజంగానే భయపడి అడిగాడు.

"ఆగడమన్నదే లేదు. ఒక్క ఊపున ఎక్కేస్తా. దారిలో రాళ్ళు లేకపోతే ఇంకా తొందరగా వెళ్తా," అని కోసింది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆమెకు నోరు ముందు జారింది, కాలు తర్వాత.

కొన్నాళ్ళకు దారి మారడం గమనించింది. కల్వర్టు దాటాక చక్రాన్ని ఎగరేసే గుండ్రాళ్ళు లేవు. తర్వాతి వారానికి క్వారీ పైన కూడా శుభ్రం. గుంతల్లో కంకర పోసి తొక్కినట్టుంది. క్వారీవాళ్ళు తమ లారీ కోసం చేయించుకుంటున్నారేమో అనుకుంది.

"ఎవరో పుణ్యాత్ములు దారి బాగుచేస్తున్నారండీ," అని ఇంట్లో చెప్పింది.

ఆయన కంచంలోకి చూస్తూ నవ్వుకున్నాడు. చేతి గోళ్ళు రెండు విరిగి నల్లగా ఉన్నాయి. ఏమిటని అడిగితే, బట్టీలో బస్తాలు దించుతుంటే అయిందన్నాడు. పసుపు రాసింది.

డాక్టరమ్మ చెప్పిన తేదీకి వారం ముందునుంచి నర్సమ్మ సెలవు పెట్టుకుంది, వెళ్ళి అక్కడే ఉండిపోదామని. నొప్పులు అంతవరకు ఆగలేదు. మధ్యాహ్నం, వార్డులో ఉండగానే చెల్లెలి అత్తగారు ఫోన్ చేసింది. ఉమ్మనీరు పోయిందట.

"కంగారుపడకండి, గంటలో అక్కడుంటా. ఎవర్నీ పిలవకండి, ఎత్తుకుని కిందికి మాత్రం దించకండి," అని చెప్పి సంచి భుజాన వేసుకుంది. అరుగు పక్కన బండి ఎక్కి కిక్కు కొట్టింది. మొదటి దెబ్బకే లేచింది. మంచి శకునం అనుకుంది పాపం.

దారి ఎప్పుడూ అంత హాయిగా లేదు. ఎక్కడా చక్రం ఎగరలేదు, సంచిలో సీసాలు గలగలమనలేదు. "ఎవరు చేశారో గానీ, ఆ చేతులు చల్లగుండాలి," అని పైకే అంది. గాలి మొహానికి కొడుతుంటే చాలాకాలం తర్వాత ఆమెకు ధైర్యం వచ్చింది. ఈసారి బిడ్డ దక్కుతుంది, తనే బొడ్డు కోసి చెల్లెలి పక్కలో పెడుతుంది.

మలుపు వచ్చింది. గేరు తగ్గించింది. బండి ఎప్పట్లాగే దగ్గి ఆగింది. ఎప్పట్లాగే చూడకుండా ఎడమకాలు చాపింది.

కాలి కింద ఏమీ లేదు.

కాలు ఇంకా కిందికి, ఇంకా కిందికి వెళ్ళింది. ఆ వెనకే ఒంటె తన బరువంతా ఆమె మీద వేసి ఒరిగింది. చీలమండ దగ్గర ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. కాసేపటిదాకా నొప్పి కూడా తెలియలేదు. తెలిశాక, ఇంజను వేడికి పిక్క కాలుతున్న సంగతి కూడా తెలిసింది. లాక్కోబోతే కాలు రాలేదు. బండిని నెట్టబోతే కదల్లేదు.

తల తిప్పి చూస్తే రాయి ఉండాల్సిన చోట తడిమట్టి గుంట ఉంది, అంచున గునపం పోటు గుర్తులతో. రాయి దానంతటది పోలేదు, ఎవరో పెళ్ళగించి తీసేశారు. "ఏ పాపిష్టి చేతులు తీశాయిరా నా రాయి!" అని అరిచింది. "ఆ చేతులు పడిపోను!" ఇందాక దీవించిన నోటితోనే.

ఆ మలుపులో ఫోన్‌కి సిగ్నల్ లేదు. గొంతు పోయేలా పిలిచింది. తర్వాత హారన్ గుర్తొచ్చింది. చెయ్యి చాపితే మీట అందింది. నొక్కింది. విడవకుండా నొక్కింది. ఆ చప్పుడు బతికున్నదానిలా పైకి వెళ్ళింది, మెల్లగా పీలగా మారి, బ్యాటరీ అయిపోయి ఆగింది. ఎవరూ రాలేదు. అక్కణ్ణుంచి చెల్లెలి ఇంటి కప్పు కనబడుతూనే ఉంది. పొగ కూడా కనబడింది.

క్వారీ నుంచి పని దిగి పైకి నడుస్తున్న కూలీలు ఆమెను చూసేసరికి పొద్దు పడమటి గుట్ట మీదికి పోయింది. తనను పైకి మోసుకెళ్ళమని ఎంత మొత్తుకున్నా వాళ్ళు వినలేదు. కాలు చూసి కిందికే మోశారు. ఒకడు మాత్రం పైకి పరుగెత్తాడు.

మర్నాడు చెల్లెలి మొగుడు ఆసుపత్రికి వచ్చాడు. వార్డులో ఆమె రోజూ ఇతరులకు సెలైన్ పెట్టే మంచం మీదే ఆమె పడుకుని ఉంది. అతను కూర్చోలేదు.

"మగపిల్లాడు వదినా," అన్నాడు. "పేగు మెడకు చుట్టుకుందట. అమ్మకు ఏం చెయ్యాలో తెలియలేదు."

నర్సమ్మకు తెలుసు. ఎన్నిసార్లో వేలితో దాన్ని తల మీదుగా తప్పించింది. చొక్కా తీసినంత తేలిక.

"చెల్లెలు?"

"బాగానే ఉంది. అంటే, ఉంది." అతను కిటికీ వైపు చూశాడు. "పక్కింటి పెద్దామెను పిలుద్దామంటే తనే వద్దంది. హారన్ వినపడింది కదా, అక్క వచ్చేసింది, అంది. అంతసేపు కొట్టావు కదా వదినా, సంతోషంతో కొడుతున్నావనుకున్నాం. నేను టీ కూడా పెట్టాను." అతను చేత్తో మొహం తుడుచుకున్నాడు. "బండి మళ్ళీ లేచే చప్పుడు కోసం చెవులు పెట్టుకుని కూచుంది. దిగి చూసొస్తానంటే నా చెయ్యి వదల్లేదు. నువ్వు పడ్డావని కూలీ వచ్చి చెప్పినా, ఇప్పుడు కూడా అడుగుతోంది. మలుపు దాకా వచ్చిన అక్క ఇంటిదాకా ఎందుకు రాలేదో కనుక్కు రమ్మంది."

నర్సమ్మ గోడవైపు మొహం తిప్పుకుంది. అతను వెళ్ళిపోయాడు.

అతను అటు వెళ్ళాడో లేదో మొగుడు ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. రాత్రంతా నిద్రలేని కళ్ళు. స్టూలు మంచం పక్కకి లాక్కుని, పట్టీ వేసిన కాలిని తాకీ తాకకుండా తాకాడు.

"ఏ రాయి తగిలిందే?" అన్నాడు.

ఆమె ఆయన వైపు చూసింది.

"ఒక్కటి కూడా వదల్లేదనుకున్నాను," అన్నాడు. "పని దిగగానే రోజూ వెళ్ళి ఏరాను. రాళ్ళు లేకపోతే తొందరగా వెళ్తానన్నావు కదా. నీకు చెప్పలేదు. బిడ్డ పుట్టాక నన్ను వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్తావు, అప్పుడు చూపించి కాస్త గొప్పలు పోదామనుకున్నా. ఆ మలుపు దగ్గరైతే పీటంత బండ, సరిగ్గా దారి అంచున. దాన్ని గునపంతో లేపి లోయలోకి దొర్లించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. చక్రానికి అడ్డమొస్తే నువ్వు పడిపోతావని..." ఆయన ఏడుస్తున్నాడు. "చెప్పవే. నా కంటికి ఆనకుండా ఏది మిగిలిపోయింది?"

విరిగిన గోళ్ళ ఆ చెయ్యి ఆమె చేతిలో ఉంది. చల్లగుండాలన్న చెయ్యి, పడిపోవాలన్న చెయ్యి. ఒక్క మాట చాలు ఈ మనిషిని చంపడానికి. అసలా రాయి సంగతి ముందే చెప్పి ఉంటే, దానికి సున్నం కొట్టి మరీ కాపలా కాసేవాడు. ఆగడమన్నదే లేదని కోసింది ఎవరు? ఆమెకు ఆయన మీద కోపం రాలేదు. వస్తే ఎంత బాగుండేదో! కోపం పెట్టుకోవడానికి కూడా లోకంలో ఒక్క మనిషి మిగల్లేదు, తను తప్ప.

"ఏదీ మిగల్లేదండీ," అంది. "దారంతా శుభ్రంగా ఉంది. నేనే పడ్డాను."

ఆయన నమ్మలేదు. తల అడ్డంగా ఊపాడు.

"ఎక్కడో ఒకటి ఉండే ఉంటుంది," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "రేపు వెళ్ళి మళ్ళీ వెతుకుతాను."